కార్డు గడువు అయిపోతోంది, రోమ్ టికెట్ చేతిలో ఉంది: వెళ్ళనా, మాననా?

ఖమ్మం జిల్లా నుంచి వెళ్ళి జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది చదువుతున్న 23 ఏళ్ళ అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

వారానికి రెండు మూడు రోజులు గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తూ ఆమె 700 యూరోలు మిగుల్చుకున్నారు. క్రిస్మస్ సెలవుల్లో ఆమె, ఆమె రూమ్మేట్, మరో ఇద్దరు తెలుగు అబ్బాయిలు కలిసి ఇటలీ వెళ్ళాలనుకున్నారు. డిసెంబర్ 21న బెర్లిన్ నుంచి రోమ్‌కు విమానం, 28న మిలాన్ పక్కనున్న బెర్గామో నుంచి తిరుగు విమానం. ఈ మధ్యలో రోమ్, వాటికన్, నేపుల్స్, పాంపే, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మిలాన్ అన్నీ చూసెయ్యాలని ప్లాన్. మనిషికి 460 యూరోలు లెక్క తేల్చి, ఒక అబ్బాయి అందరి తరఫునా తన కార్డు మీద కట్టేశాడు. అందులో విమానానికి కట్టిన 94 యూరోలు వెనక్కి రావు. హాస్టళ్ళు మాత్రం డిసెంబర్ 14 లోపు రద్దు చేసుకుంటే పైసా పోదు.

చిక్కు ఏమిటంటే, ఆమె రెసిడెన్స్ పర్మిట్ కార్డు డిసెంబర్ 12తో ముగుస్తుంది. పొడిగింపుకు అక్టోబర్‌లోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టారు. ఇప్పటికి వచ్చింది "మీ దరఖాస్తు అందింది" అనే మెయిల్ ఒక్కటే. అపాయింట్‌మెంట్ జనవరి 19న ఇచ్చారు. "ఆ మెయిల్ ప్రింట్ తీసి పెట్టుకో చాలు, యూరప్ లోపల ఎవడూ చూడడు" అని స్నేహితుడి భరోసా. ఇంటి సంగతి వేరే. ప్లాటు తాకట్టు పెట్టి నాన్న లోన్ తెచ్చారు. అమ్మ వీడియో కాల్‌లో "చదువుకోమని పంపితే ఊళ్ళు తిరుగుతావా" అంటోంది. అబ్బాయిలు కూడా వస్తున్నారన్న సంగతి ఇంట్లో ఇంకా తెలియదు. "చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో కలోసియం బొమ్మ చూసినప్పటి నుంచి ఆశ. వెళ్ళనా? 460తో సరిపోతుందా? ఇంట్లో ఏం చెప్పను?" అని అడిగారు.

*

మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, మొదటిదానికి జవాబు తేలితే తప్ప మిగతా రెంటితో పనిలేదు. అది మీ మనసుకో, మీ అమ్మగారి మాటకో సంబంధించింది కాదు. ఒక కాగితానికి సంబంధించింది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ఒక భయం తీసేస్తాను. గడువు తీరకముందే దరఖాస్తు పెట్టారు కాబట్టి డిసెంబర్ 12 తర్వాత మీరు జర్మనీలో చట్టవిరుద్ధంగా ఉన్నట్టు కాదు. జర్మన్ రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81, ఉపవిభాగం 4 ప్రకారం, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క. కాలేజీకి వెళ్ళొచ్చు, పనికి వెళ్ళొచ్చు. అయితే ఈ హక్కు చట్టంలో ఉండటం వేరు, మీ చేతిలో దానికి రుజువు ఉండటం వేరు. జర్మనీ దాటి బయటికి వెళ్ళి తిరిగి రావాలంటే రుజువు కావాలి. ఆ రుజువు పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, మన విద్యార్థులు ఫిక్షన్ సర్టిఫికెట్ అంటుంటారు. ఆటోమేటిక్‌గా వచ్చిన మెయిల్ దానికి బదులు కాదు. స్నేహితుడు పొరబడింది ఇక్కడే.

ఆ కాగితం వచ్చాక కూడా ఒక విషయం చూడాలి. అందులో కొన్ని గడులుంటాయి, ఒకదానికి టిక్ పెడతారు. పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు పరిగణిస్తామని చెప్పే గడికి, అంటే సెక్షన్ 81 ఉపవిభాగం 4 అని రాసి ఉన్నదానికి టిక్ ఉంటే, గడువు తీరిన పాత కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, ఈ కాగితం మూడూ కలిపి చూపించి వెళ్ళి రావచ్చు. షెంగెన్ దేశాలు, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు, గుర్తించాల్సిన పత్రాల జాబితాలో జర్మనీ దీన్ని చేర్పించింది. అలాకాక ఉపవిభాగం 3 గడికి టిక్ ఉంటే అది జర్మనీలో ఉండటానికే పనికొస్తుంది. బయటికి వెళ్తే దాంతో తిరిగి రాలేరు. మీ దరఖాస్తు సమయానికి వెళ్ళింది కాబట్టి మీకు 4 రావాలి. అయినా చేతికి రాగానే అక్కడే కౌంటర్ దగ్గరే చూసుకోండి. తప్పు టిక్ పడితే అప్పటికప్పుడు మార్పించుకోవడం తేలిక, ఇంటికొచ్చాక మళ్ళీ అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు పడాలి.

మరి జనవరి 19 దాకా ఆగాల్సిందేనా? అక్కర్లేదు. పర్మిట్లు ఇచ్చే ఫారినర్స్ ఆఫీసుకు విడిగా మెయిల్ రాయండి, జర్మన్‌లో. సబ్జెక్టులోనే మీ దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ, సెక్షన్ 81 ఉపవిభాగం 4 కింద ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ కావాలన్న మాట ఉండాలి. లోపల నాలుగు వాక్యాలు చాలు: కార్డు ఫలానా తేదీతో ముగుస్తుంది, దరఖాస్తు ఫలానా తేదీన పెట్టాను, 21న ప్రయాణం ఉంది, 13 లోపు కాగితం ఇవ్వగలరా. దరఖాస్తు అందిన మెయిల్, పాత కార్డు రెండు వైపులా, పాస్‌పోర్టు ఫొటో పేజీ, విమాన టికెట్ జతచేయండి. ఫీజు 13 యూరోలు. వారంలో జవాబు రాకపోతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును కదిలించండి. విద్యార్థుల తరఫున ఆ ఆఫీసుతో మాట్లాడటం వాళ్ళకు అలవాటే. మన పిల్లలు చాలామంది అక్కడికి అడ్మిషన్ రోజున వెళ్ళిందే, మళ్ళీ ఆ మెట్లెక్కరు.

కాగితం లేకుండా వెళ్తే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు కూడా. అందుకే ఈ సలహా అంతగా ప్రచారంలో ఉంది. కానీ ఏదైనా అయితే ఇలా అవుతుంది. మొదటిది బెర్లిన్‌లోనే: కొన్ని చౌక విమాన సంస్థలు యూరప్ లోపలి ప్రయాణానికి కూడా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ పత్రాలు కౌంటర్ దగ్గర చూస్తాయి. గడువు తీరిన కార్డు చూసి ఎక్కనివ్వకపోతే 94 యూరోలు అక్కడే పోతాయి. అది చిన్న నష్టం. పెద్ద నష్టం తిరుగు ప్రయాణంలో ఉంది. 28న విమానం రద్దయి మీరు బస్సులోనో రైల్లోనో ఆస్ట్రియా మీదుగా రావాల్సి వచ్చిందనుకోండి. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. రాత్రి బస్సులో పోలీసులు ఎక్కి ఒక్కొక్కరి పత్రాలు చూడటం అక్కడ మామూలే. చెల్లే పత్రం లేకపోతే అనుమతి లేని ప్రవేశంగా రాసుకోవచ్చు. ఆ రాత ఉన్న ఫైలే జనవరి 19న మీ పర్మిట్ పొడిగించాల్సిన అధికారి ముందుకు వస్తుంది. వారం రోజుల విహారానికి రెండేళ్ళ చదువును పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు. మిగతావాటిలో మీ ఇష్టానికి వదిలేస్తాను గానీ, ఇక్కడ మాత్రం గట్టిగానే చెబుతున్నాను: సరైన టిక్ ఉన్న కాగితం చేతికి రాకపోతే 21న విమానం ఎక్కకండి.

ఇక కాగితం వచ్చిందనే అనుకుందాం. అప్పుడు 460 సంగతి.

మీరు పంపిన వివరాలు కూడితే ఆ 460లో ఉన్నవి విమానం 94, ఏడు రాత్రుల హాస్టల్ పడకలు రాత్రికి 35 చొప్పున 245, ఊరి నుంచి ఊరికి రైళ్ళు, బస్సులు సుమారు 121. అంటే అది తిరగడానికి, పడుకోవడానికి అయ్యే ఖర్చు మాత్రమే. తినడానికి, చూడటానికి అందులో ఒక్క యూరో లేదు. తిండికి రోజుకు 20 వేసుకుంటే ఎనిమిది రోజులకు 160. హాస్టళ్ళలో మనిషికి, రాత్రికి అని విడిగా టూరిస్టు పన్ను ఉంటుంది. బుకింగ్ ధరలో చాలాసార్లు కలవదు, అక్కడికెళ్ళాక కట్టించుకుంటారు. దానికో 30 పక్కన పెట్టండి. సిటీ బస్సులు, మెట్రో, ఎయిర్‌పోర్టు బండ్లు కలిపి 45. ప్రవేశ టికెట్లు 115 దాకా. మొత్తం 810 దాకా అవుతుంది. మీ దగ్గరున్నది 700. ఆ అబ్బాయి మోసం చేశాడని కాదు, తన యాప్‌లో కనిపించిన ఖర్చులే కూడాడు.

ప్రవేశ టికెట్ల దగ్గర ఇంకో అపోహ కూడా తొలగాలి. స్టూడెంట్ కార్డు ఉంది కదా, సగం ధరే అనుకుంటున్నారేమో. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో, కలోసియంలో, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ చిత్రాల మ్యూజియంలో 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు 2 యూరోల టికెట్ ఉంది నిజమే. కానీ అది యూరోపియన్ యూనియన్ పౌరులకు. చూసేది పాస్‌పోర్టు, స్టూడెంట్ కార్డు కాదు. జర్మన్ క్లాస్‌మేట్ 2 యూరోలకు లోపలికి వెళ్తే మీరు కలోసియానికి 18 కట్టాలి. రోమన్ ఫోరం, పాలటైన్ కొండ అదే టికెట్‌లో వస్తాయి. 2 యూరోల టికెట్ కొనేసి గేటు దగ్గర ఆగిపోయేవాళ్ళలో మన పిల్లలూ ఉంటారు. వాటికన్ మ్యూజియాలు వేరే దేశం కింద లెక్క, వాళ్ళ నియమం వేరు. అక్కడ 25 ఏళ్ళ లోపు విద్యార్థులకు ఏ దేశం వాళ్ళయినా తగ్గింపు ఉంది, యూనివర్సిటీ కార్డు వెంట ఉంచుకోండి. ఈ ధరలు ఏటా కొంత మారుతుంటాయి, కొనే ముందు అధికారిక సైటులో చూడండి. వెతికితే ముందు కనిపించేవి దళారీ సైటులు, అదే టికెట్ రెండింతలకు అమ్ముతాయి.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఆ ప్లాన్‌లోనే ఉంది. ఏడు రాత్రుల్లో ఇన్ని ఊళ్ళు. కాగితం మీద ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు, అంతే కదా అనిపిస్తుంది. నిజంగా అయ్యేది ఇది: హాస్టల్ పది, పదకొండు గంటలకల్లా ఖాళీ చెయ్యాలి. నలుగురిలో ఒకరు ఛార్జర్ మరచిపోతారు. స్టేషన్‌కు అరగంట ముందు చేరాలి. దిగాక సామాను పెట్టే చోటు వెతకాలి, ఎందుకంటే కొత్త హాస్టల్‌లో గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. డిసెంబర్‌లో అయిదు లోపే చీకటి పడుతుంది. ఊరు మారిన ప్రతిసారీ సగం పగలు ఇలాగే పోతుంది. ఏడు రోజుల్లో అయిదుసార్లు ఊరు మారితే రెండున్నర పగళ్ళు స్టేషన్లకే. పైగా వెనిస్‌లో చౌకగా దొరికిందని బుక్ చేసిన పడక మెస్త్రేలో ఉండి ఉంటుంది, చూసుకోండి. అది నీళ్ళకు ఇవతలి ఒడ్డు. అసలు వెనిస్‌కు దిగాల్సిన స్టేషన్ శాంతా లూచియా. అక్కడ పడవ బస్సు ఒక్కసారి ఎక్కితే 9.50 యూరోలు. 29 ఏళ్ళ లోపు వాళ్ళకు రోలింగ్ వెనిస్ అనే కార్డు ఉంది, దాంతో మూడు రోజుల పాస్ చౌకగా వస్తుంది. కానీ ఒక్క పూట ఉండేవాళ్ళకు అది దండగ. ఒక్క పూట ఉండేలా ప్లాన్ వేసుకుంటే వెనిస్‌ను వదిలెయ్యడమే మేలు.

మీరు వెళ్ళేది క్రిస్మస్ వారం అన్నది కూడా ప్లాన్ వేసినవాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. డిసెంబర్ 25న కలోసియం మూత, ఉఫీజీ మూత, పాంపే మూత. వాటికన్ మ్యూజియాలు 25, 26 రెండు రోజులూ మూత. 24 సాయంత్రం నుంచే రోమ్‌లో మెట్రో, బస్సులు తగ్గిపోతాయి, 25న కొన్ని గంటలే నడుస్తాయి. చిన్న హోటళ్ళు చాలావరకు ఉండవు. 24 మధ్యాహ్నమే సూపర్ మార్కెట్‌కు వెళ్ళి రెండు పూటలకు సరిపడా తెచ్చుకోకపోతే పండగ రోజు బిస్కెట్లతో గడపాలి.

అలాగని ఆ రోజు వృథా అని కాదు. 25 మధ్యాహ్నం 12కు పోప్ సెయింట్ పీటర్స్ బాల్కనీ నుంచి ఆశీర్వచనం ఇస్తారు, చౌక్‌లో నిలబడి చూడటానికి టికెట్ లేదు. రోమ్ చర్చిలు చాలావాటికి ప్రవేశం ఉచితమే, పూజ జరిగే వేళల్లో మాత్రం తిరగనివ్వరు. పియాజ్జా నవోనా దగ్గర సాన్ లుయిజీ దెయ్ ఫ్రాంచేజి చర్చిలో ఎడమవైపు చివరి మందిరంలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో వేసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడున్నాయి. మందిరం చీకటిగా ఉంటుంది, పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. వాటిలో ఒకదాంట్లో కుడివైపు నుంచి వచ్చే వెలుగు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ ముఖాల మీద ఎలా పడుతుందో అప్పుడు తెలుస్తుంది. వేరే చోట టికెట్ కొని చూడాల్సిన స్థాయి పని అది. చర్చిలకు భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు కావాలి, చలికాలం కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు.

కాబట్టి 21న వెళ్ళడమే అయితే, నేను సూచించే మార్పు ఇది: రోమ్‌లో నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో రెండు, చివరి రాత్రి విమానం కోసం మిలాన్‌లోనో బెర్గామోలోనో. రైళ్ళ ఖర్చు సగానికి పడిపోతుంది, మొత్తం 750 దగ్గరకు దిగుతుంది. ప్రవేశ టికెట్లలో, తిండిలో ఇంకో 50 తగ్గించుకుంటే మీ 700లో సరిపోతుంది. కలోసియం, వాటికన్ 22, 23, 24 తేదీల్లో సర్దుకోవాలి. ఆ మూడింట్లో ఆదివారం ఉంటే వాటికన్ మ్యూజియాలను ఆ రోజు పెట్టుకోకండి. కలోసియం టికెట్లు 30 రోజుల ముందు నుంచి ఇస్తారు, పండగ వారానివి త్వరగా అయిపోతాయి. టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మనవాళ్ళకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది కదా: పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. స్నేహితుడు వాట్సాప్‌లో ఉన్న పేరుతో టికెట్ కొని ఉంటాడు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో ఉండే పెద్దక్షరాలు ఎలా ఉంటే విమాన టికెట్ మీదా అలాగే ఉండాలి. ఈ రాత్రే చూసుకోండి. స్పెల్లింగ్ దిద్దుబాటు ముందుగా అడిగితే అయిపోతుంది, కౌంటర్ దగ్గర అడిగితే కొత్త టికెట్ కొనాల్సినంత అవుతుంది.

ఫ్లోరెన్స్‌లో ఉఫీజీకి, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియాకు సోమవారం సెలవు. కథీడ్రల్ లోపలికి ఉచితం, కానీ బ్రునెల్లెస్కీ గుమ్మటం ఎక్కాలంటే 30 యూరోల పాస్, ముందే సమయం బుక్ చేసుకోవాలి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు, మధ్యలో వెనక్కి తిరగడానికి వీలుండదు. బడ్జెట్‌లో తగ్గించుకోవాలంటే దాన్ని తగ్గించండి, ఉఫీజీని కాదు. రైళ్ళలో ఫాస్ట్ రైలు టికెట్ మీద సీటు, సమయం రాసి ఉంటాయి. రీజనల్ రైలు కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మెషిన్‌లో స్టాంపు వేసుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. ఫోన్‌లో కొన్న రీజనల్ టికెట్‌కు కూడా ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. సమ్మెలు ఇటలీలో సర్వసాధారణం. పనిరోజుల్లో సమ్మె పడితే ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య తప్పనిసరిగా కొన్ని రీజనల్ రైళ్ళు నడుపుతారు.

నేపుల్స్ మీద మీకు మనసుంటే ఒక కారణం చెబుతాను, కానీ మరో ప్రయాణానికి దాచుకోండి. అక్కడి పురావస్తు మ్యూజియంలో పాంపేలో దొరికిన ఏనుగు దంతపు భారతీయ స్త్రీ బొమ్మ ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పడిపోయే నాటికే అది అక్కడికి చేరింది. ఇటు మన నల్గొండ, గుంటూరు ప్రాంతాల్లో రోమన్ నాణేలు దొరికాయి. సోషల్ పుస్తకంలో కలోసియం బొమ్మ చూసిన అమ్మాయికి అది ఒక పూట హడావిడిగా చూసి రావాల్సిన చోటు కాదు.

రెండో దారి, ప్రయాణాన్ని మార్చికి జరపడం. జనవరి 19న వేలిముద్రలు ఇచ్చాక కార్డు అచ్చయి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఫిబ్రవరి పరీక్షలు ముగిసేసరికి కొత్త కార్డు మీ పర్సులో ఉండొచ్చు. మార్చిలో, ఈస్టర్ వారం తగలకుండా చూసుకుంటే, పడకలు చౌక. పగలు పొడుగు. నెలలో మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం, క్యూలు మాత్రం చాంతాడంత ఉంటాయి. 500 లోపు రోమ్, ఫ్లోరెన్స్ అయిపోతాయి. ఇప్పుడు పోయేది విమానం 94. హాస్టళ్ళు 14 లోపు రద్దు చేస్తే అక్కడ నష్టం లేదు, రైలు టికెట్లు ఏ రకమో అడిగి తెలుసుకోండి, అతి చౌకవి వెనక్కి రావు. దీనివల్ల వచ్చే అసలు నష్టం డబ్బు కాదు, మార్చిలో ఆ ముగ్గురూ మళ్ళీ రాకపోవచ్చు. ఒంటరిగా వెళ్ళే ధైర్యం ఉందా అన్నది మీరే చెప్పాలి. ఆడపిల్లల డార్మిటరీ విడిగా ఉన్న హాస్టళ్ళు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి.

కొత్త కార్డు వచ్చాక ఇంకో వాకిలి కూడా తెరుచుకుంటుంది. పారిస్‌లో నియమం ఇటలీకి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. లూవ్ర్ మ్యూజియం, పారిస్ పక్కనున్న వెర్సాయ్ రాజభవనం వంటి చోట్ల 26 ఏళ్ళ లోపు వాళ్ళకు ప్రవేశం ఉచితం, అక్కడ చూసేది పౌరసత్వం కాదు, యూరప్‌లో నివాసం. మీ జర్మన్ కార్డే టికెట్. లూవ్ర్‌కు ఉచితమైనా ఆన్‌లైన్‌లో సమయం తీసుకోవాలి, మంగళవారం సెలవు. వెర్సాయ్‌కు సోమవారం సెలవు. మీకిప్పుడు 23. ఈ సౌకర్యం 26వ పుట్టినరోజుతో పోతుంది, రోమ్ ఎక్కడికీ పోదు. గడువు తీరిన కార్డుతో ఇప్పుడే వెళ్తే గేటు దగ్గర వాదన తప్పదు.

మూడో దారి అందరూ చిన్నచూపు చూసేది. యూనివర్సిటీ ఫీజుతో వచ్చే మీ సెమిస్టర్ టికెట్ జర్మనీ అంతటా చెల్లే రకమైతే రీజనల్ రైళ్ళన్నీ మీవే, ఖర్చు అదనంగా లేదు. ఫిక్షన్ సర్టిఫికెట్ గొడవ లేదు, దేశం దాటడం లేదు కదా. మాగ్డెబర్గ్ నుంచి గంటంబావు దూరంలో క్వెడ్లిన్‌బుర్గ్ ఉంది. కలప చట్రాల పాత ఇళ్ళు రెండు వేలకు పైగా నిలిచి ఉన్న ఊరు, 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. 1517లో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ తన 95 వాదాలు ప్రకటించిన విట్టెన్‌బర్గ్, కవి గోథే బతికిన వైమార్, యుద్ధంలో నేలమట్టమై మళ్ళీ కట్టుకున్న డ్రెస్డెన్, అన్నీ పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేంత దూరం. కాగితం రాకపోతే సెలవులన్నీ గదిలో ఏడుస్తూ కూర్చోకుండా ఈ దారి ఉంది. కలోసియం ఆశ మాత్రం దీంతో తీరదు, అది ఒప్పుకోవాల్సిందే.

ఇంటి సంగతి. మీ అమ్మగారు యూరోలను వందతో గుణించి చూస్తారు, 700 అంటే డెబ్బై వేలు. ప్లాటు తాకట్టులో ఉన్న ఇంట్లో ఆ అంకె గుండెల్లో పడుతుంది. అందుకని దాచడం ఒక పద్ధతి, చాలామంది చేసేదే. దాని పర్యవసానం మీకు తెలియంది కాదు: నలుగురిలో ఎవరో ఒకరు స్టేటస్ పెడతారు, ఊళ్ళో ఎవరో ఒకరు చూస్తారు. మీ నోటి నుంచి కాకుండా మూడో మనిషి నోటి నుంచి "మీ అమ్మాయి ఎవరో అబ్బాయిలతో ఇటలీలో ఉందటగా" అని వింటే, అప్పుడు గొడవ డబ్బు గురించి ఉండదు. ముందే చెబితే ఒకటి రెండు రోజులు మాటలు పడాలి. చెప్పేటప్పుడు మూడు విషయాలు విడివిడిగా చెప్పండి: ఒకటి, ఇది లోన్ డబ్బు కాదు, వీసా కోసం బ్యాంకులో వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ డబ్బూ కాదు, నా పని డబ్బు; రెండు, పరీక్షలు ఫలానా తేదీల్లో, చదువు ఇంతవరకు అయింది; మూడు, వచ్చేవాళ్ళు ఫలానావాళ్ళు, నేనూ రూమ్మేటూ ఆడపిల్లల గదిలో ఉంటాం. మూడోది నిజం కావాలంటే ముందు బుకింగ్ మార్చుకోవాలి. అమ్మకు చెప్పే ముందు నాన్నకు చెప్పడం కొన్ని ఇళ్ళలో పని చేస్తుంది, మీ ఇంట్లో ఎలాగో మీకే ఎరుక. పోనీ వాళ్ళు వద్దంటే? సంపాదన మీదే, నిర్ణయమూ మీదే అనడం సులువు. 700లో 300 ఇంటికి పంపి, మార్చి దాకా మళ్ళీ కూడబెట్టుకోవడం అనే దారి కూడా ఉంది. అది ఓటమి అనిపించకపోతేనే చేయండి, మనసులో పెట్టుకుని చేస్తే ఇంటివాళ్ళకూ తెలిసిపోతుంది.

వెళ్తే వెంట ఉండాల్సినవి: పాస్‌పోర్టు, పాత కార్డు, ఫిక్షన్ కాగితం, మూడూ అసలువి. ఫోన్‌లో ఫొటోలు అదనం మాత్రమే. పాస్‌పోర్టు ఒక చోట, కార్డు మరో చోట పెట్టండి. రోమ్‌లోని టెర్మినీ స్టేషన్‌లో, కిక్కిరిసిన బస్సుల్లో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత రోమ్‌లో భారత ఎంబసీ, ఉత్తరాన అయితే మిలాన్‌లో కాన్సులేట్. ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు వెళ్ళడానికే పనికొస్తుంది, జర్మనీకి కాదు. ఆ తొందరలో దానికి సంతకం పెట్టేయకండి, కొత్త పాస్‌పోర్టు గురించి అడగండి. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే ఆ కార్డు వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, ఇటలీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చెల్లుతుంది. మరొకటి, క్యాబిన్ బ్యాగులో ఆవకాయ సీసా పెట్టకండి. పచ్చడి సెక్యూరిటీ వాళ్ళ లెక్కలో ద్రవమే, 100 మిల్లీలీటర్ల నియమం ఇంకా ఉన్న ఎయిర్‌పోర్టుల్లో అది దాటితే చెత్తబుట్టలోకి పోతుంది. చిన్న డబ్బాల్లో పొడులు తీసుకెళ్ళండి.

స్నేహితుడితో మాట్లాడటం ఆలస్యం చేయకండి. 94 యూరోలు ఈ రోజే అతనికి పంపేసి, "నా కాగితం డిసెంబర్ 13 సాయంత్రానికి వస్తే మిగతాది కడతాను, రాకపోతే 14లోపు నా పడకలు రద్దు చెయ్యి" అని తేదీతో సహా రాతలో పెట్టండి. రద్దు గడువు ఏ వేళకు ముగుస్తుందో బుకింగ్ మెయిల్‌లో ఉంటుంది, అదీ అతన్నే చూసి చెప్పమనండి. గుంపు బుకింగ్‌లో ఒక్కరి పడక విడిగా రద్దు కాకపోవచ్చు, అలాగైతే రద్దు చేసి ముగ్గురికి మళ్ళీ కొనాలి, దానికి వాళ్ళకూ ఒక రోజు వ్యవధి కావాలి.